కొవ్వు పంపే కబురు

సిరిసిల్ల నుండి గత నెల మాకొక ఉత్తరం అందింది. నోటుపుస్తకం నుండి చించిన మూడు కాగితాలు, రెండు వైపులా నిండుగా రాసినవి. రాసిన సోదరి ఇంట్లోనే బీడీలు చుడతారు. భర్త సాంచల మీద పని చేస్తారు. ఒక వారం పగలు, మరొక వారం రాత్రి. అత్తగారు ఆమెకు స్వయానా మేనత్త. పేరూ వాడా ప్రచురించవద్దని కోరారు గనుక అంతకు మించి చెప్పము.

ఉత్తరమంతా ఆమె కుమారుని గురించే. బాబుకు మూడున్నరేళ్లు. పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు, అంటే అందరు పిల్లల్లాగే. మూడో నెల దాటిన తరువాత ఒళ్లు చేయడం మొదలైంది, ఇక ఆగలేదు. మొన్న నూలు తూచే కాంటా మీద నిలబెడితే ముప్పై నాలుగు కిలోలు తూగాడట. పళ్లెం ఎత్తకముందే మళ్లీ అడుగుతాడు. ఇవ్వకపోతే నేల మీద పడి ఏడుస్తాడు. రాత్రి రెండు గంటలకు లేచి అన్నం గిన్నె మూత తీస్తాడు. ఒకసారి డబ్బాలోని పచ్చి పిండి పిడికిలితో తింటూ కనబడ్డాడు. ‘బిడ్డకు అదుపు నేర్పని తల్లి’ అని ఇంట్లోనూ, పెళ్లిళ్లలోనూ ఆమె మాట పడుతున్నారు. ఇంతలో ఎవరో ఫోనులో ప్రకటన చూపించి, ‘లెప్టిన్’ లోపం వల్ల ఇలా జరుగుతుందనీ, ఈ పొడి నీళ్లలో కలిపి తాగిస్తే మూడు నెలల్లో తగ్గుతుందనీ చెప్పారు. దాని ఖరీదు ఆమె రెండు నెలల బీడీ కూలి.

ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. తప్పు నాదేనా? ఆ పొడి కొనమంటారా?

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. కొనవద్దు సోదరీ. కారణం తరువాత చెబుతాము. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం దూరం వెళ్లి రావలసి ఉంటుంది. దారిలో కొన్ని ఎలుకలు కూడా తగులుతాయి.

కొవ్వును మనం చాలాకాలం గోదాముగానే భావించాము. తిన్నదానిలో మిగిలింది అక్కడ పోగుపడుతుంది, కరువు వచ్చినప్పుడు ఖర్చవుతుంది, అంతే అనుకున్నాము. వైద్య గ్రంథాలు కూడా దాదాపు అంతే చెప్పేవి. అయితే గోదాములో సరుకు ఎంత ఉన్నదో లెక్క రాసి యజమానికి చెప్పే గుమస్తా ఒకడుండాలి కదా! శరీరంలో ఆ గుమస్తా ఎవరో 1994 వరకు తెలియలేదు.

కథ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, జాక్సన్ ప్రయోగశాలలో మొదలైంది. 1949లో అక్కడి చిట్టెలుకల్లో కొన్ని ఎడతెగక తింటూ బంతుల్లా ఊరిపోవడం గమనించారు. ఏదో ఒక జన్యువు చెడిపోయిందని గ్రహించారు. 1960లలో అదే చోట మరొక రకం బయటపడింది; ఇవీ లావే, పైగా వీటికి తీవ్రమైన మధుమేహం. డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త రెండేసి ఎలుకల శరీరాలను పక్కపక్కన కలిపి కుట్టి, ఒకదాని రక్తం మరొకదానిలోకి ప్రవహించేలా చేశారు. మధుమేహపు ఎలుకతో కలిపిన మామూలు ఎలుక తిండి మానేసి చిక్కి చనిపోయింది. మొదటి రకపు లావు ఎలుకను మామూలు ఎలుకతో కలిపితే లావుది తిండి తగ్గించింది. లావు ఎలుకనూ మధుమేహపు ఎలుకనూ కలిపితే, లావుది తిండి ముట్టక కృశించిపోయింది.

దీని అర్థం ఏమిటో పాఠకులు ఒక నిమిషం ఆలోచించండి. కోల్‌మన్ ఇలా ఊహించారు: ‘చాలు’ అని చెప్పే పదార్థం ఏదో రక్తంలో తిరుగుతున్నది. మొదటి రకపు ఎలుక దానిని తయారు చేసుకోలేదు, కాని బయటి నుండి అందితే వింటుంది. రెండో రకపు ఎలుక దానిని అతిగా తయారు చేస్తుంది, కాని వినే చెవి దానికి లేదు. పదార్థం చేతికి చిక్కకుండానే ఇంత చెప్పగలిగారు. చాలామంది తోటి శాస్త్రవేత్తలు నమ్మలేదు. లావు అనేది మనోబలానికి సంబంధించిన సంగతే తప్ప రక్తానికి సంబంధించినది కాదన్న అభిప్రాయం అప్పటికి అంత బలంగా ఉండేది. నేటికీ మన ఇళ్లలో బలంగానే ఉన్నది.

1994 డిసెంబరులో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ జన్యువును పట్టుకొన్నది. అది కొవ్వు కణాల్లోనే పని చేస్తూ ఒక మాంసకృత్తును తయారు చేస్తుంది. సన్నదనమనే అర్థమిచ్చే గ్రీకు మాట నుండి దానికి లెప్టిన్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే దానిని వినే చెవి, అంటే లెప్టిన్ గ్రాహకం కూడా దొరికింది. కోల్‌మన్ ఊహ అక్షరాలా నిజమైంది. 2013లో సౌదీ అరేబియా వారి కింగ్ ఫైసల్ అంతర్జాతీయ వైద్య బహుమతిని ఆయనకూ ఫ్రీడ్‌మన్‌కూ కలిపి ఇచ్చారు.

కొవ్వు కణం నిండితే లెప్టిన్ ఎక్కువగా వెలువడుతుంది, తరిగితే తగ్గుతుంది. రక్తంతో పాటు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చిన్న భాగానికి చేరి, ‘గోదాము నిండుగా ఉన్నది, ఆకలి తగ్గించవచ్చు’ అని చెబుతుంది. కబురు రాకపోతే మెదడు కరువు వచ్చిందనుకొంటుంది. ఎదుట ఎంత అన్నమున్నా సరే, దాని దృష్టిలో అది కరువే. ఆ బాబు రాత్రి రెండు గంటలకు లేచేది అల్లరితోనా, లేక నిజంగా కరువులో ఉన్న వాని ఆకలితోనా అన్నదే ఇక్కడ తేల్చవలసిన విషయం.

ఇప్పుడు మన హైదరాబాదుకు వద్దాము. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనలో చాలామందికి దారిలో కనబడే భవనమే. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగమే దాని మూలం. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1920 నుండి ఆ సంస్థ ఒక ఎలుకల సంతతిని బయటి రక్తం కలవకుండా, తమలో తాము జతకట్టిస్తూ పెంచుతున్నది. 1996లో ఆ సంతతిలో ఉన్నట్టుండి లావు ఎలుకలు పుట్టాయి. వాటి నుండి రెండు వంశాలను వేరు చేశారు. ఒకటి కేవలం లావు, మరొకటి లావుతో పాటు చక్కెరను సరిగా వాడుకోలేనిది. ముప్పై అయిదు రోజుల వయసుకే తేడా కంటికి కనబడుతుంది. పెరిగితే కిలో దాటి తూగినవి కూడా ఉన్నాయి. వాటికి సంతానం కలగదు. కంటిలో శుక్లాలు, కణితులు వస్తాయి, ఆయుష్షు సగానికి పడిపోతుంది. మధుమేహం, ఊబకాయం, వార్ధక్యం మీద పరిశోధించేవారు వాటినే ఆధారం చేసుకొంటున్నారు.

ఈ హైదరాబాదు ఎలుకల రక్తంలో లెప్టిన్ తక్కువగా లేదు, విపరీతంగా ఉన్నది. బయటి నుండి సూది ద్వారా ఇచ్చినా అవి తిండి తగ్గించవు. కబురు వెళుతున్నది, వినబడటం లేదు. దీనినే లెప్టిన్ నిరోధం అంటారు. మామూలుగా లావైన మనుషుల్లో అత్యధికుల స్థితి దాదాపు ఇదే. 1995లో ఆమ్‌జెన్ అనే అమెరికా మందుల సంస్థ ఈ ఆవిష్కరణ హక్కుల కోసం తొలివిడతగానే రెండు కోట్ల డాలర్లు చెల్లించింది. లోకంలోని లావంతా ఒక సూదితో కరుగుతుందని ఆశ. 1999లో వెలువడిన ప్రయోగ ఫలితాలు ఆ ఆశను చల్లార్చాయి. కొందరు కొంత తగ్గారు, చాలామందిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. నిండుగా మోగుతున్న గంటను మరికొంత గట్టిగా మోగిస్తే చెవిటివానికి ఒరిగేదేమున్నది!

అయితే గంటే లేని వారు? అటువంటి మనుషులు ఉన్నారా? ఈ ప్రశ్నకు జవాబు 1997లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుండి వచ్చింది. స్టీఫెన్ ఓ’రాహిలీ, సదాఫ్ ఫరూఖీ తదితరులు ఇద్దరు పిల్లలను పరీక్షించారు. ఒక బాలికకు ఎనిమిదేళ్లు, బరువు ఎనభై ఆరు కిలోలు. ఆమెకు బంధువైన బాలునికి రెండేళ్లు, ఇరవై తొమ్మిది కిలోలు. ఇద్దరూ పాకిస్తాన్ మూలాలు గల కుటుంబాల బిడ్డలు. ఇద్దరి తల్లిదండ్రులూ దగ్గరి రక్తసంబంధంలో పెళ్లాడినవారు. ఇద్దరూ పుట్టినప్పుడు మామూలు బరువే. ఇద్దరి రక్తంలోనూ లెప్టిన్ దాదాపు శూన్యం. జన్యువులో ఒకే ఒక్క అక్షరం రాలిపోయింది.

ఆ బాలికకు తొమ్మిదేళ్లు వచ్చి, బరువు తొంభై నాలుగు కిలోలు దాటిన దశలో, ప్రతిరోజు చర్మం కింద లెప్టిన్ సూది ఇవ్వడం మొదలుపెట్టారు. ఏడాదిలో పదహారు కిలోలకు పైగా తగ్గింది. తగ్గినది దాదాపు అంతా కొవ్వే. అంతకంటే ముఖ్యం, తిండి కోసం పోరు ఆగింది. తరువాత చికిత్స పొందిన ఒక బాలుడు మూడేళ్ల వయసులో నలభై రెండు కిలోలుండి, ఏడేళ్లు వచ్చేసరికి ముప్పై రెండు కిలోలకు దిగాడు. నాలుగేళ్లు ఎదిగీ పది కిలోలు తగ్గాడు! వారికి ఎవరూ అదుపు నేర్పలేదు. లేని కబురును అందించారు, అంతే.

సిరిసిల్ల సోదరి ఉత్తరం చదివినప్పుడు మాకు మొట్టమొదట గుర్తుకు వచ్చినవారు ఈ పిల్లలే. తొందరపడి ఆ బాబుకూ ఇదే లోపమని మేము చెప్పడం లేదు. ఈ లోపం చాలా అరుదు. లావైన వందల మంది పిల్లల్లో అత్యధికులది పొట్లాల చిరుతిళ్లు, తీపి పానీయాలు, కదలని ఆటలు చేసిన లావే. థైరాయిడు లోపం, మరికొన్ని జన్యు వ్యాధులు కూడా ఉంటాయి. కాని మామూలు బరువుతో పుట్టి, తొలి నెలల్లోనే ఆగకుండా పెరిగి, ఎంత తిన్నా తృప్తి లేని బిడ్డ, పైగా తల్లిదండ్రులు మేనరికం వారైతే, ఒకసారి పరీక్ష చేయించవలసిందే. పాకిస్తాన్ పంజాబులో మేనరికపు కుటుంబాలకు చెందిన, చిన్ననాటి నుండే తీవ్ర ఊబకాయం గల పిల్లలను పరిశీలించినప్పుడు, వారిలో చెప్పుకోదగ్గ భాగానికి ఇటువంటి ఒకే జన్యువు లోపాలే కారణమని తేలింది.

మేనరికం మాట వచ్చింది గనుక దాటవేయము. మన కుటుంబాల్లో పినతండ్రి, మేనత్త బిడ్డలతో వివాహాలు సాధారణం. పొరుగున ఉన్న హిందూ సోదరుల్లో మేనమామతోనూ, మేనబావతోనూ జరుగుతాయి. ధర్మం వీటిని అనుమతించింది, ఆదేశించలేదు. ఈ తేడాను మన పెద్దలు తరచు మరచిపోతారు. చెడిన జన్యు ప్రతి ఒకటి తల్లిలోనూ, ఒకటి తండ్రిలోనూ ఉంటే వారికి ఏ జబ్బూ కనబడదు, రెండో మంచి ప్రతి పని నడిపిస్తుంది. బిడ్డకు రెండు వైపుల నుండీ చెడిన ప్రతే వస్తేనే లోపం. అటువంటి దంపతులకు కలిగే ప్రతి సంతానానికీ నాలుగింట ఒక వంతు అవకాశం. ఒకే తాత, ఒకే అవ్వ ఇద్దరికీ ఉన్నప్పుడు ఒకే చెడిన ప్రతి రెండు వైపులా దిగివచ్చే వీలు పెరుగుతుంది. మేనత్త కుమారుని పెళ్లాడిన కోడలిని ఆ మేనత్తే నిందిస్తున్నప్పుడు ఇది కొంచెం గుర్తుంచుకోవాలి. ఆ ప్రతి ఉన్నదే అయితే, అది ఆమె పుట్టింటి నుండి వచ్చింది. ఆ పుట్టిల్లు ఇద్దరిదీ!

పరీక్ష ఎందుకింత అవసరమో మరొక సంగతి చెబుతాము. లెప్టిన్ ఆకలికి మాత్రమే చెందినది కాదు. అది లేని పిల్లల్లో వ్యాధులతో పోరాడే తెల్ల కణాల బలం తగ్గుతుంది. టర్కీలోని ఒక కుటుంబంలో ఈ లోపమున్న లావు పిల్లలు కొందరు బాల్యంలోనే అంటువ్యాధులతో మరణించారు. యుక్తవయసు రావడం కూడా ఆగిపోతుంది. నిల్వలు లేని దేహం సంతానానికి సిద్ధం కాదు గనుక లెప్టిన్ అందనంతవరకు మెదడు ఆ తలుపు తెరవదు. మరీ చిక్కిపోయిన ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవడంలోనూ ఇదే సూత్రం పని చేస్తుంది. ఒళ్లంతా కొవ్వే కరువైన లిపోడిస్ట్రోఫీ అనే జబ్బు కూడా ఉన్నది. కొవ్వు దాచుకొనే చోటు లేక అది కాలేయంలో చేరుతుంది, చిన్న వయసులోనే తీవ్ర మధుమేహం వస్తుంది. వీరికి లెప్టిన్ సూది బాగా పని చేస్తుంది. 2014లో అమెరికా ప్రభుత్వం మెట్రెలెప్టిన్ అనే పేరుతో దానికి అనుమతి ఇచ్చినది ఈ జబ్బు కోసమే.

ఇక ఆ పొడి సంగతి. లెప్టిన్ ఇన్సులిన్ వంటి మాంసకృత్తు. నోటితో తీసుకొంటే కడుపు దానిని పప్పునూ గుడ్డునూ అరిగించినట్టే అరిగిస్తుంది, రక్తంలోకి లెప్టిన్‌గా చేరదు. అందుకే సూది తప్ప దారి లేదు. నీళ్లలో కలిపి తాగించే లెప్టిన్ అనేది లేదు. నిజమైన మందు మన మందుల దుకాణాల్లో దొరికేది కాదు, ధర సామాన్యుని ఊహకు అందదు. నిర్ధారణ జరిగిన రోగికి పెద్ద ఆసుపత్రుల వైద్యులు ప్రత్యేకంగా ప్రయత్నించి తెప్పించవలసిందే. గ్రాహకమే చెడినవారికి ఆ సూది కూడా పనికిరాదు. వారి కోసం సెట్‌మెలనోటైడ్ అనే వేరే మందుకు 2020లో అమెరికాలో అనుమతి లభించింది. ఇన్ని తేడాలున్నచోట ఒకే పొడి అందరికీ పని చేస్తుందనే వారి ధైర్యానికి ఆశ్చర్యపడవలసిందే.

ఉత్తరం చివర మరొక వాక్యమున్నది. ‘మా వారు సన్నగానే ఉంటారు, పొట్ట మాత్రం ఉన్నది, ముప్పై ఎనిమిదేళ్లకే షుగరు వచ్చింది, ఇది కూడా అదేనా’ అని. కాదు. కాని కొవ్వుతో సంబంధమున్నదే. కొవ్వు కణాలు అడిపోనెక్టిన్ అనే మరొక పదార్థాన్ని కూడా విడుదల చేస్తాయి. ఇన్సులిన్ మాటను కండరాలూ కాలేయమూ వినేలా చేయడం దాని పని. విచిత్రం ఏమిటంటే, కొవ్వు పెరిగేకొద్దీ, ముఖ్యంగా పొట్ట లోపల పెరిగేకొద్దీ, ఇది తగ్గుతుంది. భారత ఉపఖండం వారిలో ఐరోపా వారికంటే తక్కువగా ఉంటుందని పలు పరిశోధనల్లో కనబడింది. పుణెకు చెందిన వైద్యుడు యాజ్నిక్, లండన్‌లోని తన మిత్రుడు యడ్కిన్‌తో కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటో ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువు సూచిక ఇద్దరికీ సమానం, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం లండన్ వైద్యునికి నూటికి 9.1, మన యాజ్నిక్ గారికి 21.2! ఈ తేడా పుట్టుకలోనే మొదలవుతుందని కూడా ఆయన బృందం చూపింది. పుణె శిశువులు ఇంగ్లండు శిశువుల కంటే సుమారు ఎనిమిది వందల గ్రాములు తక్కువ తూగినా, వారిలో తగ్గింది ఎక్కువగా కండే, చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదు. కాబట్టి కాంటా చూసి నిశ్చింతగా ఉండవద్దు, నడుము కొలవండి. మగవారికి తొంభై సెంటీమీటర్లు, ఆడవారికి ఎనభై మన ఉపఖండపు హద్దు. పన్నెండు గంటలు సాంచల మధ్య నిలబడి, రాత్రి పాళీలో గంటకొక తీపి చాయ్‌తో నెట్టుకొచ్చే మనిషికి ఈ హద్దు దాటడం కష్టమేమీ కాదు.

రంజాన్ ఉపవాసాల సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు. రోజంతా తినకపోతే లెప్టిన్ తగ్గుతుంది, అది కొవ్వు తరిగిన దానికంటే చాలా వేగంగా తగ్గుతుంది. మామూలు రోజుల్లో అర్ధరాత్రి ప్రాంతంలో హెచ్చుగా ఉండే దాని మట్టం, రంజాన్ మాసంలో భోజన వేళలు మారినందున కొన్ని గంటలు వెనక్కు జరుగుతుంది. ఆరోగ్యవంతులకు దీనితో ఇబ్బంది లేదు. ఆ సోదరుని వంటి మధుమేహులు మాత్రం మాసానికి ఆరేడు వారాల ముందే వైద్యుని కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి. ఇఫ్తార్‌లో నూనె పదార్థాలు దండిగా తిని సహెరీ మానేయడం అందరికంటే వారికే ఎక్కువ చేటు.

బాబు విషయానికి తిరిగి వస్తాము. సోదరీ, ముందు సిరిసిల్లలోనే పిల్లల వైద్యునికి చూపించి థైరాయిడు, చక్కెర పరీక్షలు చేయించండి. తరువాత హైదరాబాదుకు రాయించుకొని, నిమ్స్‌లో హార్మోన్ల విభాగానికీ, జన్యు వైద్య విభాగానికీ వెళ్లండి. రక్తంలో లెప్టిన్ ఎంత ఉన్నదో చూడమని అడగండి. అది మామూలుగానే ఉన్నదని చెప్పినా జన్యు పరీక్ష అక్కరలేదనుకోవద్దు. లెప్టిన్ నిండుగా ఉండి కూడా పని చేయని వికృత రూపంలో ఉన్న ఒక బాలుని సంగతి 2015లో వైద్య పత్రికలకు ఎక్కింది. జనన పత్రం, టీకాల కార్డు, ఏ నెలలో ఎంత బరువుండెనో అంగన్‌వాడీ వారి దగ్గర రాసి ఉంటే ఆ లెక్క వెంట ఉంచుకోండి. బాబు తండ్రి కూడా రావాలి, తల్లిదండ్రులిద్దరి రక్తమూ అడుగుతారు. వీలైతే మీ అత్తగారిని కూడా వెంటబెట్టుకు వెళ్లండి, వైద్యుడు చెప్పే మాట ఆమె స్వయంగా వినడం మంచిది. అప్పటివరకు టీకాలు ఒక్కటీ తప్పనివ్వవద్దు, జ్వరమొస్తే ఆలస్యం చేయవద్దు.

చంకలో నాలుగు నెలల పాప ఉన్నదనీ, ఆమె కూడా ఈ మధ్య పాలకు మరీ ఎక్కువగా ఏడుస్తున్నదనీ మీరు రాశారు. ఆ పాపను కూడా తప్పక తీసుకువెళ్లండి.